34 ఏళ్ల మిడ్‌ఫీల్డర్ వస్తానంటున్నాడు, తీసుకోవాలా?

మాది చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు. విజయవాడలో ఒక కాలేజీ గ్రౌండు ఖాళీగా ఉన్న పూటల్లో ప్రాక్టీసు, వానలు పడితే గంటకింతని కట్టి టర్ఫు, ఏడాదికి నాలుగైదు టోర్నమెంట్లు. ఆడేవాళ్లలో సగం మంది డిగ్రీ పిల్లలు. మిగతావాళ్లు ఆటోనగర్‌లో పని చేసుకునేవాళ్లు, రైల్వే కాలనీల్లో పెరిగినవాళ్లు. పోయిన వారం మాకొక ఫోన్ వచ్చింది. చేసినతను గుణదల గల్లీల్లోనే బంతి నేర్చుకుని, పద్దెనిమిదేళ్లకు రాష్ట్రం దాటి వెళ్లి, పదిహేనేళ్లకు పైగా ప్రొఫెషనల్ క్లబ్బుల్లో మిడ్‌ఫీల్డ్ ఆడినవాడు. ఇప్పుడు 34 ఏళ్లు. ఈ వేసవిలో అతని క్లబ్బు ఒప్పందం పొడిగించలేదు. "ఇంటికొచ్చేశానన్నా. ఇంకా ఆడాలనుంది. మీ దగ్గర చోటుంటే చెప్పండి" అన్నాడు. పేరు రాయను. అది బయటపెట్టాలో వద్దో అతని ఇష్టం.

ఆ రాత్రికే మా వాట్సాప్ గ్రూపు రెండు ముక్కలైంది. కుర్రాళ్లకు ఆనందం పట్టలేదు. టీవీలో చూసిన మనిషి తమ పక్కన ఆడతాడంటే మాటలా! స్పేర్ పార్టుల కొట్టు నడుపుకుంటూ మా లెక్కలు చూసే మిత్రుడు మాత్రం "పెద్ద క్లబ్బు వద్దనుకున్నవాణ్ని మనం నెత్తికెత్తుకోవడమేంటి?" అన్నాడు. రైల్వేలో చేసి రిటైరైన మా కోచ్ గారు "మోకాళ్లు చూడందే నేనేం చెప్పను" అని ఊరుకున్నారు.

ముగ్గురి మాటలోనూ నిజముంది. చిక్కల్లా ముగ్గురూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు చెబుతున్నారు. అతను గొప్ప ఆటగాడా అన్నది ఒకటి, అతన్ని ఎందుకు వదిలేశారన్నది ఒకటి, ఒంట్లో ఎంత మిగిలిందన్నది ఇంకొకటి. అసలు అడగాల్సింది ఎవరూ అడగలేదని నాకనిపించింది: మా జట్టులో ఖాళీగా ఉన్న పని ఏది? దానికి జవాబు లేకుండా మిగతా మూడింటికీ ఎన్ని జవాబులు చెప్పుకున్నా నిర్ణయం తేలదు.

ముందు ఆ "వదిలేశారు" అన్న మాట సంగతి చూద్దాం. యూరప్‌లో ఎక్కువ ఒప్పందాలు జూన్ 30తో ముగుస్తాయి. సీజన్ అయిపోగానే ఇంగ్లండ్ క్లబ్బులు ఎవరిని ఉంచుకుంటున్నాయో, ఎవరిని పంపేస్తున్నాయో జాబితా ఇస్తాయి. పంపేస్తున్నవాళ్లలో పేరున్నవాడు ఆ తర్వాత ఎక్కడికైనా వెళ్లొచ్చు, పాత క్లబ్బుకు కొత్త క్లబ్బు పైసా కట్టక్కర్లేదు. మొదట్నించీ ఇలా లేదు. బెల్జియంలో జాన్ మార్క్ బోస్మన్ అనే ఆటగాడి ఒప్పందం ముగిసినా అతని క్లబ్బు లియేజ్ బదిలీ రుసుము కావాలని పట్టుబట్టింది, ఫ్రాన్స్‌లోని డంకెర్క్‌కు వెళ్లాల్సినవాడు ఆగిపోయాడు. అతను కోర్టుకెక్కితే 1995 డిసెంబర్ 15న యూరోపియన్ న్యాయస్థానం అతని పక్షాన తీర్పిచ్చింది. ఒప్పందం ముగిశాక ఆటగాడు స్వేచ్ఛాజీవి అన్నది అక్కణ్నుంచి స్థిరపడింది. ఇప్పటి ఫిఫా నిబంధనల్లో ఒప్పందానికి ఇంకా ఆరు నెలలుండగానే వేరే క్లబ్బుతో సంతకం చేసుకునే వీలుంది. బదిలీల గడువు ముగిసేలోపే ఒప్పందం అయిపోయినవాణ్ని గడువు దాటాక కూడా నమోదు చేసుకోవచ్చు. చిన్న క్లబ్బులు ఆగస్టులో, సెప్టెంబర్‌లో ఇలాంటి పాతకాపుల కోసం వెతికేది అందుకే.

కాబట్టి వదిలేశారంటే పనికిరాడని తేల్చేసినట్టు కాదు. జీతం బరువై వదిలేస్తారు. కొత్త కోచ్ వచ్చి ఆట తీరు మార్చేస్తే వదిలేస్తారు. అదే చోట ఇరవై ఏళ్ల కుర్రాడు ఎదిగొస్తే వదిలేస్తారు. క్లబ్బుకే డబ్బు లేక వదిలేస్తారు. మనకు దగ్గర్లోనే చూశాం. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఛాంపియన్ అయింది. రెండేళ్లు తిరిగేసరికి ఆర్థిక ఇబ్బందుల్లో పడి, ఆ జట్టులోవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. వాళ్ల ఆటలో లోపమేమీ లేదు.

మన దగ్గర ఈ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది, యూరప్ కథలు చదివేవాళ్లకు అది తట్టదు. రైల్వే, పోలీసు లాంటి డిపార్ట్‌మెంట్ జట్లలో స్పోర్ట్స్ కోటాలో చేరినవాణ్ని జట్టు నుంచి తప్పిస్తే ఆట పోతుంది గానీ ఉద్యోగం పోదు. ఒకటో తారీఖున జీతం పడుతుంది. అలాంటివాడు సాయంత్రం వచ్చి మాతో ఆడతానంటే అది ఇష్టం కొద్దీ ఆడడం. ప్రొఫెషనల్ క్లబ్బు వదిలేసినవాడి స్థితి వేరు. అతనికి ఆటే ఉద్యోగం. అది పోతే ఇంటి ఖర్చుకు వెతుక్కోవాలి. మాకు ఫోన్ చేసింది రెండో రకం మనిషి. కమిటీలో తీసుకుందాం, వద్దందాం అని మాట్లాడుకునేటప్పుడు ఆ సంగతి మర్చిపోకూడదు. మేం వాయిదాలు వేసే కొద్దీ అతనికి ఇంకో దారి చూసుకునే సమయం తగ్గిపోతుంది.

గుంటూరు మిర్చి యార్డులో సరుకు కొనేవాడు ధర కంటే ముందు ఇది ఏసీ కాయా, కల్లం నుంచి నేరుగా వచ్చిందా అని చూసుకుంటాడు. కోల్డ్ స్టోరేజీలో ఉన్నంత మాత్రాన అది చెడ్డ కాయ కాదు, కానీ ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియకుండా ధర కట్టడు. మేమూ అదే చేయాలి. గత రెండు సీజన్లలో ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు, వాటిలో మొదటి నుంచీ ఆడినవెన్ని, బెంచ్ మీద కూర్చున్నది గాయంతోనా, కోచ్ నిర్ణయంతోనా? తొడ కండరం మూడుసార్లు పట్టేసి కూర్చున్నవాడికీ, కొత్తవాడొస్తే కూర్చున్నవాడికీ తేడా ఉంది. ఈ ప్రశ్న అడగడం అవమానం కాదు. నిజమైన ఆటగాడు దాపరికం లేకుండా చెబుతాడు.

ఇక డబ్బు. "ఫ్రీగా వస్తున్నాడు" అన్న మాట ఫుట్‌బాల్‌లో చాలా క్లబ్బులను ముంచింది. పాత క్లబ్బుకు కట్టాల్సింది మిగిలితే, ఆ మిగిలినదాన్ని ఆటగాడు జీతంలో, సంతకం బోనస్‌లో అడుగుతాడు, ఏజెంటు తన వాటా అడుగుతాడు. 2019లో ఆర్సెనల్ నుంచి ఆరన్ రామ్సే యువెంటస్‌కు రుసుము లేకుండానే వెళ్లాడు. నాలుగేళ్ల ఒప్పందం, భారీ జీతం. గాయాలు వదల్లేదు. మధ్యలో అతన్ని కొన్నాళ్లు స్కాట్లండ్ క్లబ్బు రేంజర్స్‌కు అరువుగా పంపి, చివరికి 2022లో ఏడాది మిగిలుండగానే క్లబ్బూ అతనూ మాట్లాడుకుని ఒప్పందం రద్దు చేసుకున్నారు. చేరేనాటికి అతనికి 28 ఏళ్లే. వయసు కన్నా ఒప్పందం నిడివి ఎక్కువ ప్రమాదం తెచ్చిపెట్టిన సందర్భమది.

మా స్థాయిలో జీతాల మాటే లేదు. దారి ఖర్చులు, భోజనం, అతనికి నెలనెలా ఇవ్వగలిగిన చిన్న మొత్తం, అంతే. అయినా ఖర్చు లేదనకూడదు. అనంతపురం ఆర్డీటీ గ్రౌండులో టోర్నమెంటుకు వెళ్లాలంటే రైల్లో పద్దెనిమిది టికెట్లే తీస్తాం. అతనికో బెర్త్ ఇచ్చామంటే ఒక కుర్రాడు ఇంటి దగ్గర ఉండిపోవాలి. మా అసలు ఖర్చు ఆ బెర్తే.

ఇప్పుడు ఆటలోకి వద్దాం. మిడ్‌ఫీల్డర్ అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అక్కడ కనీసం మూడు పనులున్నాయి. డిఫెన్స్‌కు ముందు నిలబడి ప్రత్యర్థి దాడిని అడ్డుకోవడం ఒకటి. ఈ పెనాల్టీ బాక్సు నుంచి ఆ పెనాల్టీ బాక్సుకు తిరుగుతూ రెండు పక్కలా చెయ్యి వేయడం రెండోది. బంతి తీసుకుని ఆట ఎటు వెళ్లాలో, ఎంత వేగంతో వెళ్లాలో నిర్ణయించడం మూడోది. పెద్ద స్థాయి మ్యాచ్‌లో మధ్యలో ఆడేవాడు పది నుంచి పన్నెండు కిలోమీటర్ల దాకా కదులుతాడు. అందులో ఎక్కువ భాగం నడక, నెమ్మది పరుగు. మ్యాచ్‌ను మార్చేవి మాత్రం మధ్యమధ్యలో వచ్చే చిన్నచిన్న వేగపు పరుగులు.

ముప్పై దాటాక ముందుగా తగ్గేది ఆ వేగపు పరుగే. ఒకసారి పరుగెత్తాక మళ్లీ పరుగెత్తడానికి పట్టే సమయం పెరుగుతుంది, ఆదివారం మ్యాచ్ ఆడితే బుధవారానికి గానీ కాళ్లు తేలికపడవు. అందుకే రెండో పని, అటూ ఇటూ తిరిగే పని, పాతకాపుకు అప్పగించకూడదు. మూడో పనికి కావలసింది చూపు, అది అంత తొందరగా పోదు. నార్వే పరిశోధకుడు గేర్ యోర్డెట్ ఏళ్ల తరబడి మిడ్‌ఫీల్డర్ల తల కదలికలనే వీడియోల్లో గమనించాడు. బంతి తన దగ్గరికి రాకముందే భుజం మీదుగా అటూ ఇటూ ఎక్కువసార్లు చూసుకునేవాళ్లు పాస్‌లు ఎక్కువ సరిగ్గా ఇస్తున్నారని తేలింది. షావీ, లాంపార్డ్ లాంటివాళ్ల ఆటలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. బంతి వచ్చేసరికే వాళ్లకు ఏం చేయాలో తెలుసు కాబట్టి పరిగెత్తాల్సిన అవసరం తగ్గిపోతుంది.

తెలుగువాళ్లకు ఇది కొత్త పాఠమేమీ కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ విజేతగా నిలిపి, భారత జట్టుకు 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ స్వర్ణాలు తెచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ కుర్రాళ్లకు డ్రిబ్లింగ్ నిషేధించి టోర్నమెంట్లు పెట్టేవారు. బంతి రాగానే ఇచ్చెయ్యాలి. అలా ఇచ్చెయ్యాలంటే ముందే చూసుకోవాలి. యోర్డెట్ కెమెరాలతో చూపించినదాన్ని రహీమ్ సాబ్ ఒక్క నిబంధనతో నేర్పించారు.

అయితే చూపు ఉన్నవాడికి చుట్టూ కాళ్లు కావాలి. ఇటలీ మిడ్‌ఫీల్డర్ ఆండ్రియా పిర్లో కథ అందరూ చెప్పుకుంటారు గానీ సగమే చెబుతారు. 2011లో అతని క్లబ్బు ఏసీ మిలాన్ ఇటలీ ఛాంపియన్. కోచ్ మాసిమిలియానో అల్లెగ్రి డిఫెన్స్ ముందు మార్క్ వాన్ బొమెల్ లాంటి దిట్టమైన మనిషిని కోరుకున్నాడు. పదేళ్లుగా అక్కడున్న పిర్లోకు 32 ఏళ్లు, గాయాలు. ఏడాదికి మించి ఒప్పందం ఇవ్వడానికి క్లబ్బు ఇష్టపడలేదు. యువెంటస్ మూడేళ్లు ఇచ్చి తీసుకుంది. ఆ సీజన్‌లో 38 మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడకుండా లీగ్ గెలిచింది. అతనున్న నాలుగేళ్లూ లీగ్ యువెంటస్‌దే. ఇంతవరకూ అందరికీ తెలుసు. మిగతా సగం ఏమిటంటే, అంతకుముందు రెండు సీజన్లూ యువెంటస్ ఏడో స్థానంలో నిలిచింది. దాంతో పిర్లో మొదటి ఏడాది యూరప్ మ్యాచ్‌లు లేవు, దాదాపు వారానికొకటే ఆట. అతని అటూ ఇటూ విదాల్, మార్కీసియో ఉన్నారు, ఇద్దరూ ఇరవైల్లో, ఇద్దరూ ఊపిరి సలపకుండా పరిగెత్తేవాళ్లే. మరుసటి ఏడాది ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లు వచ్చేసరికి పోగ్బా చేరాడు. పిర్లో పాస్ ఇవ్వగలిగాడంటే అతని కోసం ముగ్గురు పరిగెత్తారు.

పద్నాలుగేళ్ల తర్వాత అదే మిలాన్, అదే అల్లెగ్రి. 2025లో రియల్ మాడ్రిడ్ పదమూడేళ్ల అనుబంధం ముగించుకుని బయటికొచ్చిన లూకా మోద్రిచ్‌ను 39 ఏళ్ల వయసులో మిలాన్ తీసుకుంది. ఒక ఏడాది ఒప్పందం, కావాలంటే ఇంకో ఏడాది. ఆ సీజన్‌కు మిలాన్ యూరప్ పోటీలకు అర్హత సాధించలేదు, మళ్లీ వారానికొకటే ఆట. పక్కన పరిగెత్తడానికి రాబియోను తెచ్చుకున్నారు. 32 ఏళ్లవాణ్ని వదులుకున్న కోచే 39 ఏళ్లవాణ్ని నమ్ముకున్నాడంటే మాట మార్చాడని నేననుకోను. 2011లో అతనికి ఖాళీగా ఉన్న పని వేరు, 2025లో ఖాళీగా ఉన్న పని వేరు.

నాకు అంతకంటే ఇష్టమైన ఉదాహరణ ఇంగ్లండ్ క్లబ్బు లెస్టర్ సిటీ. 2014లో కింది డివిజన్ నుంచి అప్పుడే పైకొచ్చిన జట్టు. ఇంటర్ మిలాన్‌లో పదేళ్లు ఆడి, 2010లో ఛాంపియన్స్ లీగ్ గెలిచిన మిడ్‌ఫీల్డర్ ఎస్తెబాన్ కాంబియాసోను 34 ఏళ్ల వయసులో ఏడాదికి తీసుకున్నారు. ఆ సీజన్‌లో లెస్టర్ 140 రోజులు అట్టడుగున ఉంది. చివరి తొమ్మిది మ్యాచ్‌ల్లో ఏడు గెలిచి డివిజన్‌లో నిలబడింది. అభిమానులు ఆ ఏటి ఉత్తమ ఆటగాడిగా కాంబియాసోనే ఎంచుకున్నారు. క్లబ్బు ఉండమన్నా అతను వెళ్లిపోయాడు. ఆ ఖాళీ ఉన్న మధ్యభాగంలోకి ఫ్రాన్స్‌లోని కాన్ క్లబ్బు నుంచి 24 ఏళ్ల ఎంగోలో కాంటే వచ్చాడు. 2016లో లెస్టర్ ఇంగ్లండ్ ఛాంపియన్. కాంబియాసో మూడేళ్ల ఒప్పందంతో ఉండిపోయి ఉంటే ఆ చోటు కాంటేకు అంత తేలిగ్గా దొరికేదా అని నాకెప్పుడూ ఒక ఆలోచన. ఏడాది ఒప్పందం ఇద్దరికీ గౌరవమే. ఒడ్డున పడేశాడు, చోటు ఖాళీ చేశాడు.

ఇదంతా విన్నాక మా కోచ్ గారు తన నోటు పుస్తకం తెచ్చారు. గత సీజన్‌లో మేం ఓడిన మ్యాచ్‌లన్నీ అందులో ఉన్నాయి. ఇద్దరం కూర్చుని చూస్తే ఎక్కువ మ్యాచ్‌ల్లో మొదట మేమే గోల్ కొట్టాం, చివరి ఇరవై, ఇరవై ఐదు నిమిషాల్లో పోగొట్టుకున్నాం. ఇన్నాళ్లూ దాన్ని ఆయాసమనుకున్నాం. పిల్లల చేత ఇంకా రౌండ్లు కొట్టించాం. పుస్తకంలో మాత్రం వేరే కనిపించింది. ఆధిక్యంలో ఉన్నప్పుడు కూడా మావాళ్లు బంతి దొరగ్గానే ముందుకు బాదేస్తున్నారు. అది నేరుగా ప్రత్యర్థి స్టాపర్ బ్యాక్ దగ్గరికి వెళ్లి, పది సెకన్లలో మళ్లీ మా మీదికే వస్తోంది. అలా పదిసార్లు తిరిగి రక్షణ చేసుకుంటే ఎవరికైనా ఆయాసమొస్తుంది. మా దగ్గర లేనిది కాళ్ల బలం కాదు. బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని, ఫౌల్ తెచ్చుకుని, వెనక్కి ఒక పాస్ ఇచ్చి, పదిమందికి ఊపిరి తీసుకునే తీరిక ఇచ్చే మనిషి లేడు. మా ఖాళీ పని అది. 34 ఏళ్ల మిడ్‌ఫీల్డర్‌కు సరిగ్గా చేతనయ్యే పని కూడా అదే.

ఇక్కడొక మెలిక ఉంది, కుర్రాళ్లకు ఇది రుచించదని తెలిసే రాస్తున్నాను. పాతకాపును తీసుకున్న ఏ క్లబ్బయినా మామూలుగా అతన్ని మొదటి పదకొండు మందిలో దింపి, అరవయ్యో నిమిషానికి అలసిపోయాక బయటికి పిలుస్తుంది. మేం అలా చేస్తే మాకు అవసరమైన ఆఖరి అరగంటలో అతను టవల్ కప్పుకుని బెంచ్ మీద ఉంటాడు. పైగా మా ఊరి ఎండ సంగతి తెలిసిందే. బెజవాడలో వేసవి టోర్నమెంటు మ్యాచ్ నాలుగింటికి మొదలైతే మొదటి సగమంతా నేల పొగలు కక్కుతూనే ఉంటుంది. ఫిఫా లెక్కలో వేడి, తేమ, ఎండ కలిపి కొలిచే సూచిక 32 డిగ్రీలు దాటితే ఆట మధ్యలో నీళ్ల విరామం ఇస్తారు, అరగంట దగ్గర మూడు నిమిషాలు. కృష్ణ ఒడ్డున ఉండే ఉక్కపోతలో ఆ 32 చేరడానికి ఎండ మరీ నలభై ఐదు దాటనక్కర్లేదు. ఆ ఎండలో 34 ఏళ్ల మోకాళ్లను, గడ్డి లేని గట్టి నేల మీద, మొదటి నిమిషం నుంచి అరగదీసి మేం సాధించేదేముంది?

ఐదున్నరకు ఎండ వాలుతుంది. అప్పటికి అవతలి జట్టు కుర్రాళ్లూ అలసి ఉంటారు, వాళ్ల మధ్య ఖాళీలు పెరుగుతాయి, చూపున్నవాడికి అవే కావాలి. పెద్ద పోటీల్లో 2020లో తాత్కాలికంగా తెచ్చి 2022లో శాశ్వతం చేసిన ఐదు సబ్‌స్టిట్యూట్ల నిబంధన ఇలాంటి ఆలోచనకు వీలిచ్చింది. మేమాడే టోర్నమెంట్లు కూడా చాలావరకు అలాగే ఒప్పుకుంటున్నాయి. అరవయ్యో నిమిషంలో అతన్ని బయటికి తీయడం కాదు, లోపలికి పంపాలి. నా వాదనంతా ఇదే.

దీనివల్ల ఇంకో మేలుంది. మా మిడ్‌ఫీల్డ్‌లో అజిత్‌సింగ్ నగర్ కుర్రాడొకడు ఉన్నాడు, 19 ఏళ్లు, ఎంత పరిగెత్తినా అలుపుండదు. పాతకాపు మొదటి నుంచీ ఆడితే కూర్చోవాల్సింది వాడే. ఏడాదంతా కూర్చుంటే పందొమ్మిదేళ్లవాడు ఆట మానేసి బైక్ మీద డెలివరీలకు వెళ్లిపోతాడు. మేం అలా ఇద్దర్ని పోగొట్టుకున్నాం కూడా. అదే చివరి అరగంట ఇద్దరూ పక్కపక్కన ఆడితే వాడికి అదే బడి. మా పల్నాడు వైపు రైతులు కొత్త కోడెను కాడికి అలవాటు చేసేటప్పుడు పక్కన పాత ఎద్దును కడతారు. చాలు ఎక్కడ తిరగాలో, ఎక్కడ ఆగాలో పాత ఎద్దుకు తెలుసు. కోడె దాని పక్కన నడిచి నేర్చుకుంటుంది. కొరడాతో అంత తొందరగా రాదు ఆ చదువు.

లివర్‌పూల్ 2000లో 35 ఏళ్ల గ్యారీ మెక్‌అలిస్టర్‌ను కోవెంట్రీ నుంచి రుసుము లేకుండా తెచ్చుకున్నప్పుడు అక్కడా నవ్వినవాళ్లున్నారు. అతను కొన్ని మ్యాచ్‌ల్లో మొదటి నుంచీ ఆడాడు, కొన్నింటిలో బెంచ్ నుంచి వచ్చాడు. 2001 ఏప్రిల్‌లో ఎవర్టన్‌తో ఆఖరి నిమిషంలో దాదాపు 40 మీటర్ల నుంచి ఫ్రీ కిక్ గోల్ కొట్టి గెలిపించాడు. మేలో డోర్ట్‌మండ్‌లో అలవేస్‌తో 5-4గా ముగిసిన యుయెఫా కప్ ఫైనల్‌ను తేల్చిన గోల్ కూడా అతను తన్నిన ఫ్రీ కిక్ నుంచే వచ్చింది. ఆ సీజన్‌లో క్లబ్బు మూడు కప్పులు గెలిచింది. ఆ మధ్యలో అతని పక్కన పెరిగిన ఇరవై ఏళ్ల కుర్రాడి పేరు స్టీవెన్ జెరార్డ్. మెక్‌అలిస్టర్ దగ్గర ఎంత నేర్చుకున్నాడో జెరార్డే తర్వాత చెప్పుకున్నాడు.

వద్దనేవాళ్ల మాటల్లో ఒకదాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. పేరున్న మనిషి జట్టులోకొస్తే మిగతావాళ్లు చిన్నబోతారు. ప్రతి బంతీ "అన్నకివ్వు" అనే అలవాటు పడుతుంది. ఖాళీగా ఉన్న వింగర్ కనిపిస్తున్నా చూపు అన్న మీదే ఉంటుంది. గోల్ పడితే తప్పు కూడా అన్న మీదికి నెట్టేస్తారు. మా కాలేజీ రోజుల్లో ఒక సీనియర్ వల్ల ఇది జరగడం నేను కళ్లారా చూశాను. ఆయన మంచివాడే, పాపం ఆయన చేసిందేమీ లేదు. మేమే ఆడడం మానేశాం. అతను బెంచ్ నుంచి వస్తే ఈ ప్రమాదం కూడా చాలావరకు తగ్గుతుంది. మొదటి గంట కుర్రాళ్లు తమ ఆట తాము ఆడుకోక తప్పదు.

కాగితాల పని పెద్దది కాదు గానీ ముందే చూసుకోవాలి. మన దేశంలో ఆటగాళ్ల నమోదు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) ఆన్‌లైన్ వ్యవస్థలో ఉంటుంది. పాత క్లబ్బు పేరు మీదే అతని నమోదు ఇంకా నిలిచి ఉందా, బకాయిల తగాదా ఏమైనా నడుస్తోందా, రాష్ట్రం మారుతున్నందుకు ఏం కావాలి అన్నవి సంతకానికి ముందే తేల్చుకోవాలి. టోర్నమెంటు ముందురోజు రాత్రి తేల్చుకునేవి కావు.

దానికంటే ముఖ్యం రెండు వారాలు మాతో ప్రాక్టీసు చేయడం. సెలక్షన్ ట్రయల్ అని పేరు పెట్టి అతన్ని చిన్నబుచ్చక్కర్లేదు, రమ్మంటే చాలు. కోచ్ గారు చూడాలనుకుంటున్నది ఒక్కటే: ఆదివారం గట్టిగా ఆడాక మంగళవారం ఉదయం ఐదున్నరకు ఎలా నడుస్తున్నాడు. నేను చూడాలనుకుంటున్నవి వేరే. బంతి రాకముందు మెడ ఎన్నిసార్లు తిరుగుతోంది? తప్పు పాస్ ఇచ్చిన కుర్రాణ్ని చూసి చేతులు విసురుతున్నాడా, దగ్గరికి పిలిచి మాట్లాడుతున్నాడా? పదిహేనేళ్లు ప్రొఫెషనల్‌గా ఆడినవాడు మా పిల్లల మొదటి టచ్ చూసి విసుక్కోకుండా ఉండడం చిన్న విషయం కాదు.

గురువారం కమిటీ కూర్చుంటోంది. నేను తీసుకుందామనే చెయ్యెత్తుతాను, ఒక్క సీజన్‌కు. నెలకు ఎంత ఇవ్వగలమో మా లెక్కల మిత్రుడు చెప్పిన అంకె దాటకుండా, అదీ నెల మొదట్లోనే ఇచ్చేలా. ఎందుకంటే ఇంటికి తిరిగొచ్చినవాడి చేత డబ్బు కోసం రెండుసార్లు ఫోన్ చేయించడం మాకు మర్యాద కాదు. ఆదివారం ఉదయాలు పన్నెండేళ్ల పిల్లలకు అతని చేత నేర్పిస్తే ఆ మొత్తానికి ఇంకొంచెం కలపొచ్చని కూడా అడుగుతాను.

మిగిలింది అతనికి చెప్పాల్సిన మాట. మొదటి పదకొండు మందిలో నీ పేరుండదు తమ్ముడూ, అరవై నిమిషాలు బెంచ్ మీద కూర్చుని మ్యాచ్ చదువు, ఆ తర్వాత మా చేతికి చిక్కిన ఆధిక్యాన్ని కాపాడు అని. పదిహేనేళ్లు మొదటి విజిల్‌కు గ్రౌండులో ఉన్నవాడికి ఇది ఫోన్‌లో చెప్పకూడదు. శుక్రవారం సాయంత్రం గ్రౌండుకు రమ్మన్నాను. ఒప్పుకుంటే ఆ నగర్ కుర్రాణ్ని పిలిచి పక్కన నిలబెడతాను. ఒప్పుకోకపోతే సంతకం ఉండదు, ఆదివారం ఉదయం ఆటకు మాత్రం అతని జెర్సీ నేనే తెచ్చిస్తాను.